ఊరి పేరు సరిచేసినవాడు

మా నాయన పుట్టింది కడపలో. ఆయన పాస్‌పోర్టులో పుట్టిన ఊరు దగ్గర ఇంగ్లీషులో సీ, యూ, రెండు డీలు, ఏ, పీ, ఏ, హెచ్ అని ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి స్పెల్లింగు. 2005లో ప్రభుత్వం దాన్ని తీసేసి, కేతో మొదలయ్యే ఆరక్షరాల స్పెల్లింగు పెట్టింది. నాయన పాస్‌పోర్టు మాత్రం మారలేదు.

డబ్లిన్‌లో మాకు పాప పుట్టినప్పుడు అమ్మానాయనల వీసా దరఖాస్తులు నేనే నింపాను. పుట్టిన ఊరు అన్న గడి దగ్గరకొచ్చేసరికి చెయ్యి దానంతటదే 'సరైన' స్పెల్లింగు కొట్టేసింది. పాస్‌పోర్టులో ఒకటి, దరఖాస్తులో ఇంకొకటి. వివరణ కావాలని కాగితం తిరిగొచ్చింది. రెండూ ఒకటే ఊరని నోటరీ చేయించి మళ్ళీ పంపి, జవాబొచ్చేసరికి ఐదు వారాలు. పాపకు పేరు పెట్టే రోజు వాళ్ళిద్దరూ ఫోన్ తెరమీదే ఉన్నారు. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

"నేను పుట్టిన ఊరు నువ్వేంటికి మారిస్తివిరా?" అన్నాడు నాయన.

"మార్చలేదు నాయనా, సరిచేసినా," అన్నాను.

మార్చడానికీ సరిచేయడానికీ తేడా ఏమిటో నాకు తెలుసనే అనుకున్నాను అప్పటిదాకా. ఆ ఐదు వారాల్లోనే ఆఫీసులో ఒక ఐరిష్ మిత్రుడు బ్రయన్ ఫ్రీల్ నాటకం 'ట్రాన్స్‌లేషన్స్' చేతిలో పెట్టాడు. ఊరి పేరును ఇంగ్లీషులో సరిగ్గా రాయడం అంటే ఏమిటి అన్న ప్రశ్న మీద అంత సూటిగా రాసిన సాహిత్యం నేను ఇంకోటి చదవలేదు. అందులో నచ్చినదాని గురించీ, ఒప్పుకోలేకపోయినదాని గురించీ ఇక్కడ రాస్తున్నాను. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను, ఇంజనీరింగు చదివి కోడ్ రాసుకునేవాణ్ణి. కాబట్టి నాటకాన్ని కొంచెం నా వృత్తి కళ్ళతోనే చూస్తాను, భరించండి.

నాటకంలో జరిగేది

కథ 1833లో, ఐర్లండ్ వాయవ్యాన డోనెగల్ ప్రాంతంలో జరుగుతుంది. ఊరి పేరు బల్య బెగ్, అంటే ఐరిష్‌లో చిన్న ఊరు. హ్యూ అనే పెద్దాయన అక్కడ వీధిబడి నడుపుతుంటాడు. పిల్లలకూ పెద్దలకూ లాటిన్, గ్రీకు వచ్చు, ఇంగ్లీషు మాత్రం రాదు. అలాంటి ఊరికి బ్రిటిష్ సైన్యం పటం గీయడానికి వస్తుంది. కొలతలతో పాటు ఊళ్ళ పేర్లను కూడా ఇంగ్లీషు నాలుకకూ ఇంగ్లీషు స్పెల్లింగుకూ సరిపడేలా 'ప్రామాణికం' చేయాలి. ఆ పనికి లెఫ్టినెంట్ యోలండ్‌కు తోడుగా వచ్చిన దుబాసీ ఓవెన్. అతను హ్యూ చిన్న కొడుకు, ఆ ఊరివాడే.

ఫ్రీల్ చేసిన గమ్మత్తు ఏమిటంటే రంగం మీద అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడతారు. ఊరివాళ్ళు ఐరిష్ మాట్లాడుతున్నారనీ, సైనికులు ఇంగ్లీషు మాట్లాడుతున్నారనీ ప్రేక్షకుడు ఊహించుకోవాలి. ఒకే భాష చెవిన పడుతుంటే, ఒకరి మాట ఇంకొకరికి అర్థం కావడం లేదు. ఐరిష్ భాష గురించిన నాటకం ఇంగ్లీషులోనే రాయాల్సి రావడమే ఆ భాషకు ఏం జరిగిందో చెబుతుంది. దానికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

రెండో అంకంలో ఓవెన్, యోలండ్ ఇద్దరూ పటం పరుచుకుని 'నేమ్-బుక్' అనే పుస్తకంలో పేర్లు నింపుతుంటారు. ఏరు కలిసే చోటుని ఊరివాళ్ళు బున్ నా హావన్ అంటారు. ఏటి మొదలు అనో, ఏటి మొగ అనో అర్థం. చర్చించి చర్చించి అది బర్న్‌ఫుట్ అవుతుంది. తప్పు అనువాదం కాదు, సరైన అనువాదమూ కాదు. ఊరి అర్థం సగం ఉంటుంది, ఊరు ఉండదు.

తర్వాత తోబర్ వ్రీ అనే కూడలి వస్తుంది. తోబర్ అంటే బావి. అక్కడ బావే లేదు. ఓవెన్ కథ చెబుతాడు. నూట యాభై ఏళ్ళ కిందట బ్రయన్ అనే ముసలాయన ముఖం మీద కణితి ఉండేదట. అక్కడి బావి నీళ్ళు పవిత్రమని నమ్మి, నెలల తరబడి రోజూ ముఖం కడుక్కున్నాడట. కణితి పోలేదు. ఒకరోజు ఆ బావిలోనే శవమై తేలాడు. బావి ఎండిపోయింది. బ్రయన్ పేరు కూడా అరిగి అరిగి 'వ్రీ' అయింది. ఇప్పుడు ఈ కథ గుర్తున్నవాడు ఊళ్ళో ఓవెన్ ఒక్కడే. ఎవరికీ గుర్తులేని మనిషి అరిగిపోయిన పేరుని ఎందుకు ఉంచాలి అని ఓవెన్ అడుగుతాడు. ఉంచాల్సిందే అని పట్టుబట్టేది ఇంగ్లీషువాడు యోలండ్.

ఈ దృశ్యాన్ని వలసవాదం మీద విమర్శగా అందరూ చదువుతారు, అది నిజమే. కానీ నన్ను ఆపింది అది కాదు. పేరు చెరిపే వాదన చేస్తున్నది ఊరి కొడుకు. చెడ్డవాడు కాదు, తెలివైనవాడు. వాడిది దోపిడీ బుద్ధి కాదు, చక్కబెట్టే బుద్ధి. ఒకే చోటుకి నాలుగు స్పెల్లింగులుంటే వాడికి నిద్రపట్టదు. ఆ మనిషి నాకు చాలా బాగా తెలుసు. రోజూ పొద్దున అద్దంలో కనిపిస్తాడు.

'సరైన' పేరుకు మూడు కొలతలు

నాటకాన్ని కాసేపు పక్కనబెట్టి మన ఊళ్ళ దగ్గరకు వస్తాను. ఇంగ్లీషులో ఊరి పేరు సరైనదా కాదా అని వాదించుకునేటప్పుడు మనం మూడు వేర్వేరు కొలతలు కలిపేస్తుంటాం.

మొదటిది శబ్దం. మన నోటికి దగ్గరగా ఉన్నదే సరైనది అనే వాదన. కడప విషయంలో జరిగింది ఇదే. తెలుగులో ఆ ఊరి పేరు మారలేదు, ఇంగ్లీషు స్పెల్లింగు మారింది. ఏలూరు, కాకినాడ, శ్రీకాకుళం కూడా అంతే. పాత కాగితాల్లో ఎల్లోర్, కోకనాడ, చికకోల్ అని ఉన్నవి ఇంగ్లీషులోనూ మన పేర్లకు దగ్గరగా వచ్చాయి. కానీ ఈ కొలత చివరిదాకా నిలబడదు. ఇంగ్లీషు లిపిలో మన 'డ'కీ 'ద'కీ తేడా చూపే అక్షరం లేదు. ఆ ఆరక్షరాలను ఊరు తెలియనివాడు చదివితే 'కదప' అనో 'కడాపా' అనో అనడానికి పూర్తి అవకాశం ఉంది. పాత స్పెల్లింగులోని రెండు డీలు ఊరికే పెట్టినవి కావు. ముందున్న అచ్చుని పొట్టిగా పలకమని ఇంగ్లీషు చదువరికి అవి చేసే సైగ. దొరలకు తెలుగు రాక రాసింది కొంత, ఇంగ్లీషు వచ్చు కాబట్టి రాసింది కొంత.

రెండోది గెజిట్. ప్రభుత్వం ఏది రాయమంటే అదే సరైనది. 2015లో, గోదావరి పుష్కరాల ఏడాది, రాజమండ్రిని రాజమహేంద్రవరం అన్నారు. ఇది స్పెల్లింగు మార్పు కాదు, పేరు మార్పు. ఇంగ్లీషులో ఉన్న రాజమండ్రి దొరలు పుట్టించినదీ కాదు. గోదారి ఒడ్డున రిక్షా తొక్కేవాడి నుంచి కవుల దాకా అందరూ అనేది రాజమండ్రే. అంటే పాత ఇంగ్లీషు పేరు జనం నోటికి దగ్గరగా ఉంటే, కొత్త అధికారిక పేరు శాసనాల భాషకు దగ్గరగా ఉంది. శబ్దం కొలత ఒకవైపు లాగితే గెజిట్ కొలత ఇంకోవైపు లాగుతోంది.

మూడోది వాడుక. బెజవాడ కథ దీనికి మంచి ఉదాహరణ. ఊరు మాట్లాడుకునే పేరు బెజవాడ, రాతలో స్థిరపడ్డది విజయవాడ. రైల్వేవాళ్ళ స్టేషన్ కోడ్ మాత్రం ఈనాటికీ బీజడ్‌ఏ. దొరల స్పెల్లింగు నుంచి మిగిలిపోయిన ఆ మూడక్షరాల్లో జనం నోటి తెలుగు దాక్కుని ఉంది. వలస కాలపు పేరు తీసేస్తే అసలు తెలుగు పేరు బయటపడుతుందని అనుకుంటాం. కొన్నిచోట్ల అసలు పేరు దాక్కున్నదే ఆ వలస కాలపు స్పెల్లింగులో.

ఇంకో చిన్న సంగతి. విజయనగరం పట్టణాన్ని ఇంగ్లీషులో జెడ్‌తో రాస్తాం. శబ్దం కొలతతో చూస్తే తప్పే. కానీ తుంగభద్ర ఒడ్డున హంపీ దగ్గరి విజయనగరం నుంచి, గజపతుల విజయనగరాన్ని ఇంగ్లీషు చదువరికి కంటితోనే వేరుచేసి చూపించేది ఆ జెడ్డే. దాన్ని సరిచేస్తే ఒక తప్పు పోయి ఒక గందరగోళం వస్తుంది.

డెర్రీలో

నాటకం మొదటిసారి ఆడింది 1980 సెప్టెంబరులో, ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ నగరంలో. ఫ్రీల్, నటుడు స్టీఫెన్ రే కలిసి పెట్టిన ఫీల్డ్ డే నాటక సంస్థ మొదటి ప్రదర్శన అది. ఆ నగరాన్ని ఏమని పిలవాలన్నది నాలుగు వందల ఏళ్ళ గొడవ. ఐరిష్‌లో దాని పేరు దొయిర, ఓక్ చెట్ల తోపు అని. ఇంగ్లీషు నోట అది డెర్రీ అయింది. 1613లో ఇంగ్లండు రాజు లండన్ వర్తక సంఘాలకు ఆ ప్రాంతం అప్పజెప్పి లండన్‌డెర్రీ అని పేరు పెట్టాడు. నాటకం ఆడిన హాలు పేరు గిల్డ్‌హాల్. ఆ పేరులోనూ ఆ సంఘాలే ఉన్నాయి.

ఐర్లండ్‌తో కలవాలనుకునేవాళ్ళు డెర్రీ అంటారు, బ్రిటన్‌తో ఉండాలనుకునేవాళ్ళు లండన్‌డెర్రీ అంటారు అని పుస్తకాల్లో చదివి వెళ్ళాను. అక్కడికెళితే అంత సాఫీగా లేదు. బ్రిటన్ పక్షాన 1689 నాటి ముట్టడిని ఏటేటా గుర్తుచేసుకునే సంఘం పేరు 'అప్రెంటిస్ బాయ్స్ ఆఫ్ డెర్రీ'. లండన్ కావాలనేవాళ్ళు కూడా ఇంటి మాటల్లో డెర్రీ అనేస్తారు. నగర పాలక మండలి 1984లో తన పేరుని డెర్రీగా మార్చుకుంది. నగరం పేరు మాత్రం చట్టప్రకారం లండన్‌డెర్రీగానే ఉందని 2007లో బెల్‌ఫాస్ట్ హైకోర్టు చెప్పింది. స్థానిక రేడియోలో జెరీ ఆండర్సన్ అనే వ్యాఖ్యాత రెండు పేర్ల మధ్య పెట్టే ఏటవాలు గీతని పట్టుకుని 'స్ట్రోక్ సిటీ' అని హాస్యమాడితే అదీ ఒక పేరై కూర్చుంది.

ఇక్కడ నాకు తట్టింది ఒకటుంది. డెర్రీ, లండన్‌డెర్రీ రెండూ ఇంగ్లీషు పేర్లే. దొయిర అనేది ఆ తగాదాలో ఎక్కడో అడుగున ఉంది. అంటే అసలు శబ్దానికి దగ్గరగా ఉండటం కోసం ఎవరూ కొట్టుకోవడం లేదు. ఆ పేరు చెబుతున్నప్పుడు నువ్వు నన్ను ఎవరనుకుంటున్నావు అన్నదే ప్రశ్న. ఇంగ్లీషులో ఊరి పేరు వాడటం ఉచ్చారణ పరీక్ష కాదు, ఒక రకం పిలుపు. మనిషిని అయ్యా అనాలో, ఏమోయ్ అనాలో తెలుసుకోవడం లాంటిది.

అందుకే ఉక్రెయిన్ రాజధానికి ఇంగ్లీషులో రష్యన్ రూపం బదులు ఉక్రేనియన్ రూపం వాడమని అక్కడివాళ్ళు అడిగినప్పుడు, 2019 నుంచి పెద్ద వార్తాసంస్థలు మార్చుకోవడం సబబే అనిపిస్తుంది. ఆ ఊళ్ళో ఇప్పుడు ఉంటున్నవాళ్ళు, ఇప్పటి సంగతుల గురించి రాసేటప్పుడు అడుగుతున్న మర్యాద అది. తెలుగు పత్రికలు అప్పుడూ ఇప్పుడూ కీవ్ అనే రాస్తున్నాయి. మన లిపిలో ఆ గొడవ పెద్దగా కనపడకపోవడం కూడా చూడాల్సిన విషయమే. తగాదా ఊరి పేరు మీద కాదు, ఇంగ్లీషులోని ఊరి పేరు మీద.

ఫ్రీల్‌తో నాకున్న పేచీ

మూడో అంకంలో యోలండ్ కనిపించకుండా పోతాడు. కెప్టెన్ లాన్సీ వచ్చి, అతని ఆచూకీ చెప్పకపోతే పశువుల్ని కాల్చేస్తాం, ఇళ్ళు కూలగొడతాం అని ఊళ్ళ జాబితా చదువుతాడు, కొత్త ఇంగ్లీషు పేర్లతో. జనానికి అవి ఏ ఊళ్ళో తెలియదు. ఓవెన్ ఒక్కో పేరునీ మళ్ళీ ఐరిష్‌లోకి మార్చి చెప్పాలి. స్వైన్‌ఫోర్ట్ అంటే లిస్ నా ముక్, బర్న్‌ఫుట్ అంటే బున్ నా హావన్. తను చెరిపిన పేర్లని తనే తిరిగి పలకాల్సి వస్తుంది, అదీ అవి నాశనమవుతాయని చెప్పడానికి. నాటకంలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే. ఎవరూ గొంతు పెంచరు. పేర్ల జాబితా మాత్రమే, అయినా చదువుతుంటే వెన్ను జలదరిస్తుంది.

అయితే పేచీ కూడా ఇక్కడే ఉంది. ఫ్రీల్ ఆధారంగా చేసుకున్న పుస్తకాల్లో ఒకటి జె. హెచ్. ఆండ్రూస్ రాసిన ఐర్లండ్ సర్వే చరిత్ర. ఆ ఆండ్రూసే తర్వాత, సర్వే చేసిన సైనికులు ఇళ్ళు ఖాళీ చేయించడం లాంటివి చరిత్రలో లేవని అభ్యంతరం చెప్పాడు. నాటకం చరిత్ర పాఠం కానక్కర్లేదు కాబట్టి దాన్ని నేను పట్టించుకోను. నన్ను గుచ్చేది నేమ్-బుక్ విషయం.

నాటకంలో నేమ్-బుక్ పాత పేరుని మింగేసే యంత్రం. ఎడమవైపు ఐరిష్ పేరు, కుడివైపు ఇంగ్లీషు పేరు, ఇక ఎడమది అక్కర్లేదు. నిజమైన నేమ్-బుక్కులు అలా లేవు. ఒక చోటుకి ఎన్ని స్పెల్లింగులు వాడుకలో ఉన్నాయి, ఒక్కో స్పెల్లింగు ఎక్కడిది, ఏ పాత పటంలోది, ఏ పెద్దమనిషి రాసిచ్చినది అన్నీ గళ్ళల్లో రాసి, చివరికి పటం మీదకి ఒకదాన్ని ఎంచేవారు. ఆ పనిలో ముఖ్యుడు జాన్ ఓ'డోనవన్, ఐరిష్ పండితుడు. 1830ల్లో ఊరూరూ తిరిగి, ముసలివాళ్ళని అడిగి, ఐరిష్ రూపం ఏమిటో, అర్థం ఏమిటో రాసుకున్నాడు. పటం మీదకి ఎక్కింది ఇంగ్లీషు రూపమే. అది జరిగిన అన్యాయమే. కానీ ఇవాళ ఐర్లండ్‌లో పాత ఐరిష్ పేర్లని తిరిగి నిలబెట్టగలుగుతున్నారంటే, స్థలనామాల డేటాబేసులో ఒక్కో ఊరికీ పాత రూపాలన్నీ వరసగా చూడగలుగుతున్నామంటే, అందులో ఆ నేమ్-బుక్కుల పాలు చాలా ఉంది.

అసలు ఓవెన్‌కీ నాటకంలోని ఓవెన్‌కీ తేడా భాష మీద ప్రేమలో లేదు. నాటకంలోని ఓవెన్‌కి తోబర్ వ్రీ కథ తెలుసు, పుస్తకంలో దానికి గడి లేదు. ఓ'డోనవన్ పుస్తకంలో గడి ఉంది.

ఫ్రీల్ ఆ గడి తీసేయడం వల్ల నాటకానికి బలం వచ్చింది, కాదనను. కానీ నష్టం కూడా ఉంది. ఇంగ్లీషులో పేరు రాయడమే చెరపడం అన్న భ్రమ కలుగుతుంది. చివర్లో ముసలి హ్యూ ఆ భ్రమ నుంచి కొంత బయటపడతాడు. నేమ్-బుక్ చేతిలోకి తీసుకుని, ఈ కొత్త పేర్లు నేర్చుకోవాల్సిందే, వాటినే మన ఇళ్ళుగా చేసుకోవాల్సిందే అన్న ధోరణిలో మాట్లాడతాడు. ఓటమి అనిపించే ఆ మాటలోనే నాకు వివేకం కనపడింది.

మన ఓవెన్‌లు

ఇది ఐర్లండ్ సంగతే కాదు. అంతకు ముప్ఫై ఏళ్ళ ముందే దక్కనులో కాలిన్ మెకంజీ సర్వే మొదలైంది. ఆయన పక్కన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే తెలుగు అన్నదమ్ములున్నారు. బొర్రయ్య 1803లోనే చిన్న వయసులో పోయాడు. తమ్ముళ్ళు ఆ పని సాగించారు. రామస్వామి 1828లో కలకత్తా నుంచి దక్కను నగరాల గురించి, స్థలాల గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చువేశాడు. మన ఊళ్ళ పేర్లు ఇంగ్లీషులో రాసి పుస్తకం చేసిన తొలి తెలుగువాళ్ళలో ఆయనొకడు. ఆయన ఇంటిపేరే ఆ పుస్తకం మీద మనం గుర్తుపట్టలేని స్పెల్లింగులో ఉంటుంది.

వాళ్ళూ ఓవెన్‌లే. కానీ వాళ్ళు సేకరించి పెట్టిన కైఫియత్తులు తెరిచి చూడండి. ఊరికి ఆ పేరెందుకు వచ్చింది, ఎవరు కట్టారు, ఏ చెరువు ఎవరు తవ్వించారు అన్న కథలతోనే చాలా కైఫియత్తులు మొదలవుతాయి. తోబర్ వ్రీ లాంటి కథలు కొల్లలు. కడపలోని సి. పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా వేసింది. మా నాయన దగ్గర ఒక సంపుటం ఉంది. అందులో తన అమ్మ ఊరు ఉందని చూపించడం ఆయనకు సరదా. ఇంగ్లీషు స్పెల్లింగు ఏదైనా కానీ, ఆ కథ తెలుగులో ఉండిపోయింది. మన నేమ్-బుక్ అదే.

నేను రాసిన స్క్రిప్టు

ఇక నా సంగతి. పాత ఉద్యోగంలో ఒకసారి సరుకుల జాబితా, చిరునామాలు ఉన్న డేటాబేసుని శుభ్రం చేసే పని పడింది. ఊళ్ళ పేర్లు ఒక్కోటి నాలుగు రకాలుగా ఉన్నాయి. పాత పేరు కనపడితే కొత్త పేరు పెట్టేలా స్క్రిప్టు రాసి రాత్రి నడిపించాను. పొద్దునకల్లా అంతా చక్కగా ఉంది. తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. ఇళ్ళల్లో గట్లకు, అరుగులకు వేసే నల్లటి కడప రాయిని వ్యాపారంలో ఇంగ్లీషులో పాత స్పెల్లింగుతోనే వెతుకుతారు. నా పుణ్యమా అని ఒక్కరికీ దొరకలేదు. సారపప్పుకీ ఇంగ్లీషులో పాత కడప పేరుతో ఒక పేరుంది, అదీ మారిపోయింది. బొంబాయి హైకోర్టు ముంబయి హైకోర్టు అయింది. అలాంటి కోర్టు లేదు. నగరం 1995లో పేరు మార్చుకున్నా, కోర్టు మార్చుకోలేదు.

అదృష్టం కొద్దీ బ్యాకప్ ఉంది. ఈసారి సరిగ్గా చేశాను. ప్రతి ఊరికీ మారని గుర్తు ఒకటి, దాని కింద పేర్లన్నిటికీ వేరే పట్టిక. ఒక్కో పేరు పక్కన ఏ భాష, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎవరి వాడుక. ఒక్క పాత పేరూ చెరపనక్కర్లేదు. ఓ'డోనవన్ రెండు వందల ఏళ్ళ కిందటే కాగితం మీద ఇలాంటి పట్టికే గీశాడని నాకు అప్పుడు తెలియదు. తెలిసుంటే నాయన దరఖాస్తు నింపేటప్పుడైనా చెయ్యి ఆగేదేమో.

అనువాదకులకు ఒక మనవి

ఇదంతా సాహిత్యానికి ఎందుకంటే, తెలుగు కథలు ఇంగ్లీషులోకి వెళుతున్నప్పుడు నా స్క్రిప్టు లాంటిది అనువాదకుల తలలో కూడా నడుస్తుంటుంది. పాత కథలో మనిషి బెజవాడలో రైలు దిగితే అనువాదంలో విజయవాడలో దిగుతాడు. మద్రాసు వెళ్ళినవాడు చెన్నై చేరుకుంటాడు. మద్రాసు 1996లో కదా చెన్నై అయింది, అరవై ఏళ్ళ ముందే ఆ టికెట్టు ఎవరిచ్చారు?

ఇంతకన్నా సూక్ష్మమైన నష్టం ఒకటుంది. మన కథల్లో ప్లీడరు మద్రాసు అంటాడు, అదే ఇంట్లో అవ్వ చెన్నపట్నం అంటుంది. ఆ రెండు పేర్ల మధ్య చదువు, వయసు, ఆడా మగా తేడా, మొత్తం ఒక ఇల్లు ఉంది. రెండిటినీ చెన్నై చేస్తే ఊరు మిగులుతుంది, మనుషులు పోతారు. తెలంగాణ పల్లెలో 'పట్నం పోయిండు' అంటే హైదరాబాదే. దాన్ని హైదరాబాద్ అని రాస్తే చోటు సరిగ్గానే ఉంటుంది. పల్లెవాడికి అది తప్ప ఇంకో పట్నం లేదన్న సంగతి మాత్రం పోతుంది.

నాకు తోచిన పద్ధతి ఇది. నా సొంత వాక్యంలో, ఇవాళ్టి సంగతి రాసేటప్పుడు ఆ ఊరివాళ్ళు ఇవాళ అడుగుతున్న పేరు రాస్తాను. పాత్ర నోట, పాత ఉత్తరంలో, పాస్‌పోర్టులో ఉన్నదాన్ని ముట్టుకోను. రెండు పేర్లూ బతికే ఉన్నచోట ఒకసారి రెండూ చెబుతాను. స్పెల్లింగు మారితే పేరు మారిందనను. ఇదేమీ గొప్ప సూత్రం కాదు, పట్టికలో ఇంకో గడి ఉంచడం, అంతే.

అమ్మానాయనలు చివరికి వచ్చారు. ఒక శనివారం అందరం డెర్రీ వెళ్ళాం. సరిహద్దు దాటాక దారి పక్కన బోర్డు మీద లండన్ అన్న భాగానికి ఎవరో రంగు పూసి ఉన్నారు. ఇదేందిరా అన్నాడు నాయన. కథంతా చెప్పాను. పాపని ఒళ్ళో పెట్టుకుని ఆ బోర్డు వెనక్కి పోయేదాకా చూశాడు.

"కొట్టేసినా కనపడతానే ఉండాది గదరా," అన్నాడు.